ఇకామా, పతాకా, సివిల్ ఐడీ: గల్ఫ్ వెళ్లే మన సిక్కోలు, విజయనగరం వాళ్లకు మెట్టు మెట్టుగా

సౌదీలోని జుబైల్‌లో ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే నివాస కార్డు, దాని మెడికల్‌కి కంపెనీ బస్సులో ముప్పై మందిమి వెళ్లాం. అందులో మా పక్క ఊరి కుర్రాడొకడు. వాడి పేరు ‘పైడి’తో మొదలవుతుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి పేరు మన రెండు జిల్లాల్లో ఇంటికొకరికైనా ఉంటుంది కదా. నర్సు గుమ్మంలోకొచ్చి “బైదీ... బైదీ...” అని మూడుసార్లు పిలిచింది. ఎవరూ లేవలేదు. కాగితంలో ఆ పేరు పక్కన గీత పెట్టి తర్వాతి మనిషిని పిలిచింది. సాయంత్రానికి అందరి పనీ అయింది, వాడిది తప్ప. కంపెనీ మళ్లీ మెడికల్‌కి బస్సు పంపేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ చేతిలో కాగితం లేక క్యాంపు గేటు దాటలేదు. “పిలిసింది నన్నేనని నాకెలా తెలుస్తాదన్నా?” అని వాడడిగితే నా దగ్గర జవాబు లేదు.

అరబీ అక్షరాల్లో ‘ప’ లేదు. దాని బదులు ‘బ’ రాస్తారు. అందుకే పైడి బైదీ అవుతాడు, అప్పలరాజు అబ్బలరాజు అవుతాడు. ‘వ’ చాలాచోట్ల ‘ఫ’ అవుతుంది. ‘డ’కీ ‘ద’కీ తేడా ఉండదు. ‘గ’ కూడా లేదు, ఒక్కొక్కరు ఒక్కో అక్షరం వాడతారు. మన పేరు అరబీలో ఎలా పలుకుతారో దిగిన మొదటి రోజే అక్షరం తెలిసినవాళ్ల చేత చదివించుకోవాలి. ఆసుపత్రిలో, పోలీసు చెక్‌పోస్టులో, ఎయిర్‌పోర్టులో ఆ పలుకుతోనే పిలుస్తారు.

మాది కవిటి దగ్గర. పద్నాలుగేళ్లు సౌదీ, కతర్, కువైట్‌లలో చేశాను. ముందు పైప్ ఫిట్టర్ని. కాలికి దెబ్బ తగిలాక క్యాంపు ఆఫీసులో టైమ్ కీపర్‌గా కూర్చోబెట్టారు. వందల మంది ఇకామా ఫైళ్లు అక్కడే చూశాను. సౌదీలో ఇకామా, కువైట్‌లో సివిల్ ఐడీ, మనవాళ్ల నోట పతాకా (అరబీలో బతాకా, అంటే కార్డు): పేరేదైనా కార్డు తెచ్చే పని కంపెనీది. కార్డులో ఏముందో, ఎప్పటిదాకా ఉందో చూసుకునే పని మనది. ఈ రెండో పని చేయకే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నారు. కాబట్టి ఊళ్లో బయలుదేరక ముందు నుంచి తిరిగొచ్చేదాకా ఒక్కొక్కటే చెప్తాను.

మెట్టు 1: పాస్‌పోర్టులో తప్పు ఊళ్లోనే దిద్దించుకోండి

అక్కడ వచ్చే ప్రతి కార్డూ పాస్‌పోర్టు చూసే తయారవుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగు మనవాళ్లకు మామూలే. ఈ మూడింటిలో ఏది పాస్‌పోర్టులోకి ఎక్కితే అదే చివరిదాకా మీ పేరు. ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, సొంత పేరు గడిలో సొంత పేరు విడివిడిగా ఉండాలి. ఒక గడి ఖాళీగా ఉండి ఒక్క పేరే ఉంటే యూఏఈ వీసా దగ్గర ఇబ్బంది వస్తుంది. 2022 నవంబరు నుంచి ఒంటి పేరున్న పాస్‌పోర్టులను వాళ్లు విజిట్, టూరిస్టు వీసాలకు ఒప్పుకోవడం లేదు.

పుట్టిన తేదీ ఇంకా ముఖ్యం. మన పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు మాస్టారు రాసిన తేదీ ఒకటి, ఆధార్ తీసేటప్పుడు చెప్పిన తేదీ ఇంకొకటి. చాలామందికి జనవరి 1 గానీ జులై 1 గానీ ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో ఆ తేదీ మీ కార్డు నంబరులోనే కూర్చుంటుంది. పాస్‌పోర్టులో 1994 జులై 1 అని ఉందనుకోండి. కువైట్ సివిల్ ఐడీ నంబరుకు 12 అంకెలు, అది 2940701తో మొదలవుతుంది. ముందున్న 2 అంటే పంతొమ్మిది వందల్లో పుట్టారని; రెండువేల తర్వాత పుట్టినవాళ్లకు అక్కడ 3 వస్తుంది. కతర్ ఐడీకి 11 అంకెలు, 294356తో మొదలవుతుంది. చివరి 356 మన దేశం కోడు. యూఏఈ ఎమిరేట్స్ ఐడీకి 15 అంకెలు. ముందు 784, అది వాళ్ల దేశం కోడు. వెంటనే 1994. బహ్రెయిన్ సీపీఆర్ నంబరుకు 9 అంకెలు, 9407తో మొదలవుతుంది. ఒకసారి నంబరు పడ్డాక బ్యాంకు, ఆసుపత్రి, లైసెన్సు, సిమ్ అన్నీ దానికే అతుక్కుంటాయి. తర్వాత పాస్‌పోర్టులో తేదీ మార్చుకుని అక్కడ మార్పించాలంటే ఎంత తిరగాలో తిరిగినవాళ్లకే తెలుసు. విశాఖ పాస్‌పోర్టు ఆఫీసుకు రెండుసార్లు ఎక్కువ వెళ్లినా ఫర్వాలేదు, తేదీ ఇక్కడే సరిచేయించుకుని విమానం ఎక్కండి.

పాస్‌పోర్టు గడువు కనీసం రెండేళ్లకు పైనే ఉండాలి. కువైట్‌లో పాస్‌పోర్టు గడువు దాటి నివాసం వేయరు. ఆరు నెలల గడువుతో దిగినవాడు మొదటి సంవత్సరంలోనే ఎంబసీ లైన్లో నిలబడాల్సి వస్తుంది.

ఐటీఐ, డిప్లొమా సర్టిఫికెట్లు అడిగే ఉద్యోగమైతే వాటి ముద్రల సంగతి కూడా ముందే చూసుకోండి. ఒమన్, బహ్రెయిన్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి; అపోస్టిల్ అంటే మన విదేశాంగ శాఖ వేసే ముద్ర, ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ దాన్ని ఒప్పుకుంటాయి. సౌదీ 2022 డిసెంబరులో చేరింది. ఆ మూడింటికీ అపోస్టిల్ చాలు. యూఏఈ, కతర్, కువైట్‌లకైతే ఆయా దేశాల ఎంబసీ ముద్ర కావాలి.

మెట్టు 2: డబ్బు కట్టక ముందు రక్తపరీక్ష

ఇది ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాను. గల్ఫ్ మెడికల్ రెండుసార్లు జరుగుతుంది. ఒకసారి ఇక్కడ, వాఫిద్ (గల్ఫ్ దేశాల మెడికల్ పద్ధతి) కింద గుర్తింపున్న సెంటర్లో. దీన్నే మనం ఇప్పటికీ గామ్కా అంటాం. రెండోసారి అక్కడ దిగాక, కార్డు కోసం. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, టీబీ చూస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్నా అన్‌ఫిట్ అంటారు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు కిడ్నీ జబ్బు ఎలా ఉందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాతికేళ్ల కుర్రాడికి కూడా పైకి ఏ లక్షణమూ ఉండదు.

అందుకని ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వక ముందే ల్యాబ్‌లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. ఒకప్పుడు టీబీ వచ్చి మందులు వాడి తగ్గినవాళ్లు ఎక్స్‌రే కూడా తీయించుకోండి. ఊపిరితిత్తి మీద పాత మచ్చ ఉన్నా అన్‌ఫిట్ రాసే ప్రమాదం ఉంది. అప్పు చేసి కట్టాక, అక్కడ దిగి నెల తిరక్కుండా వెనక్కి పంపేస్తే ఆ అప్పు తీర్చేది మీ నాన్న కొబ్బరితోటే.

మెట్టు 3: వీసా కాగితంలో అరబీలో ఏముందో చదివించుకోండి

ఏజెంటు నోటితో చెప్పేది వేరు, కాగితం చెప్పేది వేరు. వీసాలో వృత్తి ఏది ఉంటే కార్డులో అదే వస్తుంది. కొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి. లహ్హామ్ అంటే వెల్డరు. సబ్బాక్ అంటే ప్లంబరు. సాయెక్ అంటే డ్రైవరు. ఆమిల్ అంటే కూలీ. ఆమిల్ మంజిలీ అంటే ఇంటిపనివాడు. రాయీ అంటే గొర్రెల కాపరి.

వెల్డింగు పని అని చెప్పి ఆమిల్ మంజిలీ వీసా చేతిలో పెట్టిన సంగతులు మన దగ్గర చాలానే జరిగాయి. ఆ వీసా మీద వెళ్తే కార్డు ఇంటి యజమాని పేరున వస్తుంది. కంపెనీలో పనిచేస్తూ దొరికితే చట్టం దృష్టిలో తప్పు మీదే. కువైట్‌లో ఇదే తేడాను అంకెల్లో చెప్తారు. 18 నంబరు వీసా ప్రైవేటు కంపెనీది, 20 నంబరు ఇంటిపనిది. ఏజెంటును ఒక్క మాట అడగండి: “పద్దెనిమిదా, ఇరవయ్యా?” ఆయన మాట దాటేస్తే మీరు ఆగిపోండి.

విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అంటే నమ్మకండి. కార్డు వచ్చేదాకా జీతానికి, ప్రమాదానికి, వైద్యానికి మీ తరఫున ఒక్క కాగితమూ ఉండదు.

రిఫైనరీ షట్‌డౌన్ పనులకు మూడు నెలలకని వెళ్లే ఫిట్టర్లకూ వెల్డర్లకూ ఒక మాట. తాత్కాలిక పని వీసాకు ఇకామా రాదు, అది మామూలే. వీసా మీదున్న తేదీయే మీ గడువు. పని మిగిలిందని సూపర్‌వైజరు ఆపినా సరే, పొడిగించిన కాగితం చూడకుండా ఒక్క రోజు కూడా ఉండొద్దు.

కతర్ వెళ్లేవాళ్లకు కొంత సౌకర్యం ఉంది. హైదరాబాద్‌లోని కతర్ వీసా సెంటర్లోనే మెడికల్, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం అయిపోతాయి. జీతం అంకె ఏజెంటు చెప్పినదానికి తగ్గి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. అక్కడ సంతకం పెట్టకుండా లేచి వచ్చేయొచ్చు. దోహాలో దిగాక ఆ వీలుండదు.

మెట్టు 4: ఈమైగ్రేట్, బీమా

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ అని అచ్చవుతుంది, అంటే పనికి విదేశం వెళ్లే ముందు ప్రభుత్వ తనిఖీ కావాలని. అలాంటివాళ్లు గల్ఫ్ దేశాలు, మలేసియాతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఈమైగ్రేట్ (మన విదేశాంగ శాఖ వెబ్‌సైట్) ద్వారా అనుమతి కావాలి. మీ కాంట్రాక్టు, యజమాని పేరు, జీతం ప్రభుత్వం దగ్గర నమోదయ్యేది దీనివల్లే. అనుమతి లేకుండా విజిట్ వీసా మీద విమానం ఎక్కించేవాడు ఆ నమోదును తప్పిస్తున్నాడని అర్థం.

లైసెన్సున్న ఏజెంటు పేరు, నంబరు ఈమైగ్రేట్ సైట్లో కనబడతాయి. ఆయన తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగినా, రసీదు ఇవ్వనన్నా అది చట్టం ఒప్పుకోని డబ్బు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్లకు అసలు లైసెన్సే ఉండదు. మన బంధువే అయినా సరే, “బావా, లైసెన్సు నంబరు సెప్పు, నాను సూస్కుంతాను” అని అడగండి. మొహమాటపడితే లక్షలు పోతాయి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను ఉంటే అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ఈసీఆర్ వాళ్లకు తప్పనిసరి. ఆ పాలసీ కాగితం సూట్‌కేసులో పెట్టుకుపోకండి, ఇంట్లో ఇచ్చి వెళ్లండి. అవసరం పడితే వాడేది ఇంట్లోవాళ్లే.

ఇంట్లో ఇంకొక సంచీ కూడా ఉంచండి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకళ్లు, వీసా, కాంట్రాక్టు, ఏజెంటు రసీదు, కంపెనీ చిరునామా అందులో పెట్టండి. కార్డు వచ్చాక దాని ఫొటో కూడా పంపండి. మా క్యాంపులో ఒకాయన సైట్లో పడి ఆసుపత్రిలో చేరితే, ఊళ్లో ఆయన భార్యకు కంపెనీ పేరు తప్ప ఏమీ తెలియదు. ఇకామా నంబరు ఒక్కటి చేతిలో ఉన్నా ఏ ఆసుపత్రిలో ఉన్నాడో ఒక్క పూటలో తేలేది. నాలుగు రోజులు పట్టింది.

మెట్టు 5: దిగిన రోజు

ఇమిగ్రేషన్ ముద్ర తేదీని ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. అన్ని గడువులూ ఆ రోజు నుంచే లెక్క. సౌదీలో కంపెనీ 90 రోజుల్లోపు ఇకామా చేయించాలి. కతర్‌లో 30 రోజుల్లోపు నివాస అనుమతి పని మొదలుపెట్టాలి. యూఏఈలో ఉద్యోగ ప్రవేశ అనుమతి మీద దిగితే 60 రోజులు. సౌదీలో దిగగానే సరిహద్దు నంబరు ఒకటి పడుతుంది, ఇకామా వచ్చేదాకా అదే మీ గుర్తు. అదీ రాసుకోండి.

పాస్‌పోర్టు కంపెనీ తీసుకోక ముందే ముద్ర పడిన పేజీని ఫోనులో ఫొటో తీయండి. ఈ ఒక్క ఫొటో తర్వాత ఎన్ని గొడవలు తేలుస్తుందో చెప్పలేను.

మెట్టు 6: మెడికల్, వేలిముద్రలు, ఎదురుచూపు

వరస దాదాపు అన్ని దేశాల్లో ఒకటే. మెడికల్, వేలిముద్రలు, ఆరోగ్య బీమా, పని అనుమతి, నివాస అనుమతి, ఆఖరున కార్డు. వీటి చుట్టూ తిరిగే కంపెనీ మనిషిని మందూబ్ అంటారు. ఆయనతో మర్యాదగా ఉండండి, వారానికొకసారి అడగండి. “నా పని ఏ మెట్టులో ఉంది? మెడికల్ ఫలితం ఎక్కిందా? వేలిముద్రలు ఎప్పుడు?” అని విడివిడిగా అడగాలి. “ఇకామా ఎప్పుడొస్తుంది?” అంటే “ఇన్షా అల్లా, బుక్రా” అంటారు. బుక్రా అంటే రేపు. అలాంటి రేపులు నా మొదటి ఉద్యోగంలో ఐదు నెలలు సాగాయి. ఆ ఐదు నెలలూ నా పేరున సిమ్ లేదు, బ్యాంకు ఖాతా లేదు. ఇంటికి డబ్బు పంపాలంటే ఇంకొకరి ఇకామా మీద పంపాలి. మా చెల్లి పెళ్లికి డబ్బు అలాగే పంపాను. పంపిన మనిషి మంచివాడు కాబట్టి చేరింది.

90 రోజులు దాటినా ఇకామా రాకపోతే ఆ తప్పు కంపెనీది, మీది కాదు. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం ఇకామా, పని అనుమతి ఫీజులు, వాటి రెన్యువల్, ఆలస్యమైతే పడే జరిమానాలు, కాంట్రాక్టు అయ్యాక ఇంటికి టికెట్టు అన్నీ యజమానే భరించాలి. “ఇకామా ఖర్చు” అని జీతంలో కోస్తే ఆ స్లిప్పు దాచండి.

కార్డు రాని రోజుల్లో పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, కంపెనీ ఐడీ జేబులో లేకుండా బయటకు వెళ్లొద్దు.

మెట్టు 7: కార్డు చేతికొచ్చిన గంటలో చూడాల్సినవి

సంతోషంలో ఫొటో తీసి ఇంటికి పంపేస్తాం. దానికన్నా ముందు దీపం కింద కూర్చుని పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి.

ఇంగ్లీషు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ వారంలోనే మందూబ్‌కి చెప్పండి. ఆలస్యమైతే ఆ తప్పు పేరుతోనే బ్యాంకు ఖాతా తెరుస్తారు, అప్పుడు రెండు తప్పులు దిద్దాలి. అరబీ పేరును తెలిసినవాళ్ల చేత పైకి చదివించండి. ‘ప’ బదులు ‘బ’ వస్తే ఫర్వాలేదు, అది భాష పద్ధతి. అక్షరాలు పోయి పేరు సగమైతే మాత్రం దిద్దించాలి.

యజమాని పేరు మీ వీసాలో ఉన్నదేనా? వృత్తి మీ పనేనా? మేన్‌పవర్ సప్లై కంపెనీ కింద వెళ్తే కార్డులో ఒక పేరు, సైట్లో ఇంకో కంపెనీ ఉంటుంది. సౌదీలో అలా వేరే కంపెనీ సైట్లో పనిచేయాలంటే అజీర్ అనే అనుమతి నమోదై ఉండాలి. ఆ కాగితం ఉందా అని అడగండి. అది లేకుండా తనిఖీలో దొరికితే పట్టుకెళ్లేది కూలీనే.

పుట్టిన తేదీ, నంబరు మొదటి అంకెలు నేను పైన చెప్పిన లెక్కతో సరిచూడండి. సౌదీ ఇకామా నంబరు పది అంకెలు, విదేశీయులకు 2తో మొదలవుతుంది. దానిలో పుట్టిన తేదీ ఉండదు.

కువైట్‌లో కార్డులో ఉండే చిరునామా కూడా సరిగ్గా ఉండాలి. పౌర సమాచార సంస్థ, అంటే పాసీ, 2024లో తప్పుడు చిరునామాలున్నవాళ్ల వివరాలు తొలగించి, కొత్త చిరునామా ఇవ్వనివాళ్లకు 100 దీనార్ల దాకా జరిమానా పెట్టింది. గది మారినప్పుడల్లా కార్డులో కూడా మార్పించుకోండి.

మెట్టు 8: ఫోనులో ఉన్న కార్డే అసలు కార్డు

సౌదీలో ప్లాస్టిక్ కార్డు అయిదేళ్లు పనికొస్తుంది. లోపల గడువు మాత్రం కంప్యూటర్‌లో రెన్యువల్ చేస్తేనే సాగుతుంది. జేబులో మెరిసే కార్డుంటుంది, లోపల ఇకామా అయిపోయి ఆరు నెలలై ఉంటుంది. కాబట్టి మీ పేరున సిమ్ తీసుకోగానే సౌదీ ప్రభుత్వ యాప్ అబ్షెర్‌లో ఖాతా తెరవండి. గడువు, యజమాని, సెలవు వీసా అన్నీ అందులో కనబడతాయి. కాంట్రాక్టుకు అక్కడి కార్మిక శాఖ యాప్ కివా ఉంది. కతర్‌లో మెత్రాష్. కువైట్‌లో సహెల్, కువైట్ మొబైల్ ఐడీ. యూఏఈలో యూఏఈ పాస్.

నెలకొకసారి, జీతం పడిన రోజున, గడువు చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. “ఇకామా రెన్యువల్ చేస్తున్నాం, నంబరు చెప్పండి” అని తెలుగులోనే మాట్లాడి ఖాతాలు ఖాళీ చేసినవాళ్లను చూశాను. మందూబ్‌కైనా పక్కన కూర్చుని మీరే కొట్టండి. ఖాతా వేరేవాళ్ల చేతికి వెళ్తే మీ పేరున సిమ్‌లు, అప్పులు పుట్టుకొస్తాయి.

మెట్టు 9: హిజ్రీ తేదీ లెక్క

సౌదీలో 2023 నవంబరులో మంత్రివర్గం అధికారిక పనులకు ఇంగ్లీషు క్యాలెండరును ఆమోదించింది. పాత కాగితాల్లో మాత్రం హిజ్రీ, అంటే చంద్రుణ్ని బట్టి లెక్కించే ఇస్లాం క్యాలెండరు తేదీలే కనబడతాయి. హిజ్రీ సంవత్సరం మన సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు తక్కువ. ముహర్రం 1, 1446 అంటే 2024 జులై 7. ముహర్రం 1, 1447 అంటే 2025 జూన్ 26. “పోయినేడు జులైలో చేశారు, ఈ ఏడు జులై దాకా ఉంటుంది” అనుకున్నవాడికి జూన్ ఆఖర్లోనే గడువు తీరిపోతుంది. రెన్యువల్ ఆలస్యానికి మొదటిసారి 500 రియాల్, రెండోసారి 1,000, మూడోసారి దేశం నుంచి పంపేయడం. అబ్షెర్‌లో కనబడే ఇంగ్లీషు తేదీని ఫోను క్యాలెండరులో నెల ముందుగా మోగేలా పెట్టుకోండి.

కతర్‌లో గడువు తీరాక రెన్యువల్‌కి 90 రోజులు టైమిస్తారు. అయినా ఆ రోజుల మీద ఆధారపడి బతకొద్దు.

మెట్టు 10: పాస్‌పోర్టు

పాస్‌పోర్టు మీది, దాన్ని కంపెనీ లాకరులో పెట్టుకునే హక్కు యజమానికి లేదు. కతర్‌లో 2015 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం నివాస అనుమతి అయ్యాక తిరిగి ఇచ్చేయాలి, ఇవ్వకపోతే 25,000 రియాల్ దాకా జరిమానా. వాస్తవంలో మన కూలీల పాస్‌పోర్టులు చాలాచోట్ల ఆఫీసులోనే ఉంటాయి, అది నాకూ తెలుసు. మీరు అడిగినట్టు ఒక రాతపూర్వక ఆనవాలు ఉంచండి. వాట్సాప్‌లో “సార్, నా పాస్‌పోర్టు కావాలి” అని ఒక మెసేజి చాలు, తేదీతో సహా ఉంటుంది.

పాస్‌పోర్టు అక్కడ కొత్తది తీసుకుంటే కొత్త నంబరును నివాస రికార్డులో ఎక్కించాలి. సౌదీలో దీన్ని నఖల్ మాలూమాత్ అంటారు. ఇది మర్చిపోయి సెలవుకు ఎయిర్‌పోర్టుకు వెళ్లినవాళ్లు అక్కడే ఆగిపోయారు. పాత పాస్‌పోర్టు పారేయకండి.

మెట్టు 11: కార్డు పోతే

పోయిందని తెలిసిన రోజే కంపెనీకి, పోలీసులకు చెప్పి రాయించండి. యాప్‌లో కూడా పోయినట్టు నమోదు చేయొచ్చు. ఆలస్యం చేస్తే దొరికినవాడు దానితో ఏం చేసినా మీ పేరునే ఉంటుంది. కొత్త కార్డు వచ్చేదాకా ఫోనులోని డిజిటల్ కార్డు చూపించండి.

మెట్టు 12: కంపెనీ పని చేయకపోతే

ఇక్కడ కంగారుపడి పారిపోవడం వల్లే ఎక్కువ నష్టం. పారిపోతే యజమాని హురూబ్ పెడతాడు, అంటే పనిలోంచి పరారయ్యాడని రిపోర్టు. అప్పటిదాకా తప్పు కంపెనీది, ఆ రోజు నుంచి మీది అవుతుంది. కంపెనీ పేరున కాక వేరేచోట పనికి కుదరడం కూడా అంతే.

సౌదీలో 2021 మార్చి 14 నుంచి అమల్లోకొచ్చిన మార్పుల ప్రకారం కొన్ని పరిస్థితుల్లో యజమాని ఒప్పుకోకపోయినా ఇంకో కంపెనీకి మారొచ్చు. దిగిన మూడు నెలల్లో కాంట్రాక్టు నమోదు చేయకపోయినా, వరసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోయినా, ఇకామా లేదా పని అనుమతి గడువు తీరినా ఆ హక్కు వస్తుంది. ఆ పని కివాలో జరుగుతుంది. అందుకే దిగిన తేదీ, జీతం స్లిప్పులు, గడువు స్క్రీన్‌షాట్లు దాచమని మొదటి నుంచీ చెప్తున్నాను.

మన వైపు నుంచి అడిగే దారులు కూడా ఉన్నాయి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఊళ్లో ఉన్న ఇంట్లోవాళ్లు కూడా పెట్టొచ్చు. దుబాయ్, షార్జా, రియాద్, జెడ్డాల్లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలున్నాయి. ఇండియా నుంచి ఉచితంగా 1800 11 3090కి ఫోను చేయొచ్చు. మన రాష్ట్ర ప్రభుత్వానికి ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఎవరికి ఫోను చేసినా మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరు, ఇకామా నంబరు, యజమాని పేరు. ఇంట్లో సంచీ తెరిస్తే ఆ మూడూ ఉండాలి.

మెట్టు 13: సెలవు, ఫైనల్ ఎగ్జిట్

సెలవుకు వచ్చేటప్పుడు సౌదీలో ఎగ్జిట్ రీఎంట్రీ వీసా (ఊరెళ్లి తిరిగి రావడానికి ఇచ్చేది) గడువు, ఇకామా గడువు రెండూ చూడండి. కువైట్‌లో 18 నంబరు వాళ్లకు 2025 జులై 1 నుంచి బయటకు వెళ్లడానికి యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ కావాలి. టికెట్టు కొనక ముందే పెట్టించుకోండి. కువైట్, కతర్, యూఏఈలలో ఆరు నెలలు దాటి బయట ఉంటే మామూలుగా నివాసం పోతుంది. కువైట్‌లో ఇంటిపనివాళ్లకు నాలుగు నెలలే. ఊళ్లో పెళ్లిళ్లు, ఇల్లు కట్టడం, కొబ్బరి అమ్మకం చూసుకుంటూ నెలలు తెలీకుండా గడిచిపోతాయి. దిగిన రోజే తిరుగు తేదీ గోడ క్యాలెండరు మీద రాసేయండి.

పూర్తిగా వచ్చేస్తే ఫైనల్ ఎగ్జిట్ వీసా. సౌదీలో అది వేశాక 60 రోజుల్లో బయలుదేరాలి. ఆ రోజుల్లో కారు ఉంటే పేరు మార్పించండి, సర్వీసు డబ్బు (పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) అందాక బ్యాంకు ఖాతా, సిమ్ మూయించండి. సర్వీసు డబ్బు చేతికొచ్చాకే చివరి కాగితం మీద సంతకం పెట్టండి. “అంతా ముట్టింది” అని అరబీలో రాసి ఉంటుంది, చదివించుకోకుండా పెట్టొద్దు. కార్డు కంపెనీకి ఇచ్చేస్తారు, ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటో తీసుకోండి. అయిదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాలనుకున్నా, ఆగిపోయిన డబ్బు అడగాలన్నా పనికొచ్చేది ఆ నంబరే. నా జుబైల్ ఇకామా ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఆ సంచీలోనే ఉంది, మొదటి పాస్‌పోర్టు మడతలో.